నలుగురు కలిసి రాసిన తప్పు

తొమ్మిది మైక్రోస్కోపులు

పిల్లలను నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి పని నేర్పే పద్ధతిని నేనేదో ముందుచూపుతో మొదలుపెట్టానని నా దగ్గర చదివినవాళ్ళు కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. నిజామాబాద్‌లో మా కాలేజీ బాటనీ ల్యాబులో మైక్రోస్కోపులు తొమ్మిది ఉండేవి. క్లాసులో పిల్లలు ముప్పై ఆరుగురు. మైక్రోస్కోపుకు నలుగురు. అంతే సంగతి.

రెండో కారణం చెప్పడానికి అప్పట్లో సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు రిటైరైన మనిషిని, నాకేం భయం. నాకు ఇంగ్లీషులో పాఠం చెప్పడం సరిగ్గా వచ్చేది కాదు. మాది మాక్లూర్ దగ్గర వ్యవసాయ కుటుంబం. మెట్రిక్ దాకా ఉర్దూలో చదివాను. ఆ తర్వాత చదువంతా ఇంగ్లీషులోకి మారింది. కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాది, యాభై ఆరులో, డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. నాలుగేళ్ళకు లెక్చరర్నయ్యాను. రాత్రంతా నోట్సు బట్టీపట్టి పొద్దున్నే క్లాసులో అప్పజెప్పేవాణ్ణి. పిల్లలకు అర్థం కాలేదని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

ఆ పిల్లల్లో ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాళ్ళున్నారు, తెలుగు మీడియం వాళ్ళున్నారు, సరిహద్దు ఊళ్ళ నుంచి ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్ళున్నారు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. మైక్రోస్కోపు చుట్టూ నలుగురు చేరగానే ల్యాబులో మాటలు మొదలయ్యేవి. ‘కణం’ అని చదువుకున్న పిల్లవాడు ‘ఖలియా’ అని చదువుకున్నవాడికి అద్దంలోంచి చూపించేవాడు. నేను చెప్పలేని పాఠం వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. నేను చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే సగం బాటనీ నేనప్పుడే నేర్చుకున్నాను.

మా ప్రిన్సిపాల్ సాబ్‌కు ఇది నచ్చేది కాదు. షేర్వానీ గుండీలు మెడ దాకా పెట్టుకునే మనిషి. ఆయన క్లాసులో సూది పడితే వినిపించేది.

‘‘గంగాధర్ సాబ్, మీ ల్యాబు ముంగటికెళ్ళి పోతుంటె అంగడికెళ్ళి పోతున్నట్టుంటది’’ అన్నారు ఒకసారి.

‘‘పని చేస్తున్నరు సార్.’’

‘‘నలుగుర్ల ఒకడు చేస్తడు, ముగ్గురు చూస్తరు. మార్కులెవనికేస్తరు మీరు?’’

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు దీనికి జవాబు సిద్ధం చేసుకున్నాకే గుంపులు కట్టాలి. నేను చేసుకోలేదు. దాని ఫలితం అనుభవించాను. ఇక్కడ రాయబోయేది అదే. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఎవరికీ అక్కరకొచ్చేవి కావు.

మాటకారిని లీడర్‌ను చేయడం

అరవైల నడుమ ఒక ఏడాది రెండో సంవత్సరం పిల్లలను బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్ళకు పంపాలనుకున్నాను. మొక్కల తెగుళ్ళు పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకుంటే ఏం లాభం? బస్సెక్కితే కళ్ళముందే చెరుకు తోటలు. ఒక్కో గుంపుకు ఒక ఊరు, ఒక రైతు చేను. మూడు వారాలు చూడాలి, రాయాలి, బొమ్మలు గీయాలి, చివరకు నలుగురూ కలిసి ఒక రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు కాపీ రైతుకు కూడా చదివి వినిపించాలి. ఈ ఆఖరి మాట నాదే. పిల్లలకు బాధ్యత తెలుస్తుందని గొప్పగా పెట్టాను.

ఒక గుంపులో నర్సారెడ్డి, ఖాదర్, విఠల్, లింబాద్రి ఉన్నారు. నర్సారెడ్డిది బోధన్ దగ్గర చెరుకు పండించే ఇల్లు. నిలబడి మాట్లాడితే క్లాసంతా వినేది. ఖాదర్ గీసిన బొమ్మ అచ్చువేసినట్టుండేది, ఇంగ్లీషు రాత అంతకన్నా అందంగా ఉండేది. విఠల్ సరిహద్దు ఊరి పిల్లవాడు, కలుపుగోలు మనిషి, పదిమంది ఎటంటే అటు. లింబాద్రిది సిరికొండ అవతల అడవి అంచు పల్లె. మూడు నెలల్లో వాడి గొంతు నేను విన్నది హాజరు పిలిచినప్పుడే.

ఏమీ ఆలోచించకుండా నర్సారెడ్డిని లీడర్‌ను చేశాను. చెరుకు తెలిసినవాడు, మాట్లాడగలిగినవాడు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

వాళ్ళకిచ్చిన చేను పోశెట్టిది. బోధన్ దాటి బస్సు దిగి, రెండు మైళ్ళు నడిచి పోవాలి. నలభై ఏళ్ళ మనిషి. తల్లి లచ్చవ్వ, భార్య, ఇద్దరు పిల్లలు. ఉన్న పొలంలో సగం ఆ ఏడు చెరుకు పెట్టాడు. తోట బాగా లేచింది. పక్క రైతులు ఇద్దరు విత్తనపు ముక్కలు మాకే ఇవ్వాలని ముందే అడిగిపెట్టుకున్నారు. పిల్లలు పోతే పోశెట్టి గట్టు మీద కూర్చోబెట్టి చెరుకు గడలు విరిచి ఇచ్చేవాడు.

మూడో వారం రిపోర్టు వచ్చింది. నాలుగు పేజీలు, ఖాదర్ చేతిరాత, చీల్చిన చెరుకు గడల ఎర్ర సిరా బొమ్మలు. తోటకు ఎర్రకుళ్ళు తగిలిందని, ఇది పక్క తోటలకు పాకుతుందని, కోసి కాల్చేయాలని, విత్తనానికి ఎంతమాత్రం వాడకూడదని రాశారు. ఎర్రకుళ్ళు అంటే అప్పట్లో చెరుకు రైతుకు కలరా లాంటి మాట. గడ చీల్చి చూస్తే లోపలంతా ఎర్రబడి, ఆ ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలుంటాయి, పులిసిన వాసన వేస్తుంది. మందు లేదు.

నేను రెండు క్లాసుల మధ్య స్టాఫ్ రూములో నిలబడే ఆ రిపోర్టు చదివాను. భాష బాగుంది. బొమ్మలు బాగున్నాయి. మంచి రిపోర్టు అని రాసి సంతకం పెట్టాను. పిల్లలు తెచ్చిన చెరుకు ముక్కలు ల్యాబు మూలకే ఉన్నాయి. వాటి దగ్గరికి పోలేదు. ఇరవై అడుగుల దూరం.

నా నౌకరీలో చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఆ ఇరవై అడుగులు నడవకపోవడం.

ఐతారం పొద్దున

నర్సారెడ్డి ఆ శనివారమే ఊరికి పోయి పోశెట్టికి రిపోర్టు చదివి వినిపించాడు. మరునాడు, ఆదివారం, నేను వాకిట్లో కూర్చుని గడ్డం చేసుకుంటున్నాను. గేటు దగ్గర సైకిల్ ఆగింది. లింబాద్రి. చంకలో పాత పేపరు చుట్టిన పొడుగు పొట్లం.

లోపలికి రమ్మంటే రాలేదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాడు.

‘‘సార్, పోశెట్టన్న తోటది ఎర్రకుళ్ళు గాదేమో సార్.’’

సగం గీసిన గడ్డంతోనే లేచాను. ‘‘ఏందిరా అది?’’

పొట్లం విప్పాడు. వారం కింద దాచుకున్న చెరుకు గడ. కణుపు పైన చిన్న బెజ్జం, బెజ్జం దగ్గర రంపపు పొట్టులాంటి పొడి. ‘‘పురుగు తొలిచింది సార్ ఇది. మా దిక్కు జొన్న దంట్లకు గుడ గిట్లనే పడ్తది. పురుగు వోయిన తొవ్వ పొంటి లోపట ఎర్రగైతది. కని గది కుళ్ళు గాదు సార్.’’

ఇంట్లోకి పోయి కత్తి తెచ్చి గడను నిలువునా చీల్చాను. నిజమే. పురుగు తిన్న దారి ఒకటి, దాని అంచుల వెంబడి ఎరుపు. అడ్డంగా తెల్ల మచ్చలు లేవు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఎండిన చెరుకు వాసన తప్ప పులుపు లేదు.

‘‘మరి రిపోర్టుల నీ సంతకం గుడ ఉన్నది గదరా!’’

తల వంచుకున్నాడు. ‘‘ముగ్గురు ఒక్క మాట అన్నరు సార్. నేను నాలుగోణ్ణి.’’

‘‘వాళ్ళకు చెప్పలేదా?’’

‘‘చెప్పిన సార్. సిరికొండోనికి చెరుకు సంగతి ఏమెరుక అన్నరు. నిజమే గద, మా దిక్కు చెరుకు లేదు. నేనే గలత్ అనుకున్న. మల్ల నిన్న సంది నిద్ర వడ్తలేదు. పోశెట్టన్న ఐతారం కూలోళ్ళు దొరుకుతరు, ఐతారమే కోసి కాలవెడ్త అన్నడట.’’

‘‘ఐతారం అంటే ఈ దినమేనారా?’’

‘‘ఈ దినమే సార్.’’

మిగతా సగం గడ్డం అట్లే ఉంది. చొక్కా వేసుకున్నాను. లింబాద్రిని సైకిల్ మీద నర్సారెడ్డి అద్దె గదికి తరిమి, బస్టాండుకు తీసుకురమ్మన్నాను. ఖాదర్, విఠల్ సెలవని ఇళ్ళకు పోయారు. మేము ముగ్గురమే బోధన్ బస్సెక్కాం.

బస్సులో నర్సారెడ్డి ముఖం కోపంతో మండిపోతోంది. నాకన్నా ముందు సీట్లో కూర్చున్న లింబాద్రి వైపు వంగి, ‘‘నాతోని చెప్పకుండ సార్ ఇంటికి పోతవా?’’ అన్నాడు.

‘‘నీతోని చెప్పిన. రెండు పారి చెప్పిన. గట్టు మీద చెప్పిన, రూముల చెప్పిన.’’

‘‘ఎప్పుడు చెప్పినవ్?’’

‘‘నువ్వు ఇనలే.’’

నర్సారెడ్డి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: ‘‘సార్, రెండేండ్ల కింద మా తోట ఎర్రకుళ్ళుకే పోయింది. మా బాపు కాలవెడుతుంటే చూసిన. చీల్చంగనే ఎరుపు కనవడేసరికి ఇంక నాకు వేరేది కనవడలేదు.’’

ఆ మాట విన్నాక వాడి మీద నాకున్న కోపం పోయింది. వాడు గొప్ప కోసం రాయలేదు. భయంతో రాశాడు. వాడికి భయం, ఖాదర్‌కు బొమ్మ బాగా కుదిరిన సంతోషం, విఠల్‌కు ఎవరితోనూ తగవు వద్దన్న మంచితనం. నాకు చూడకుండా సంతకం పెట్టేంత సోమరితనం. చెడ్డవాడెవడూ లేడు. తోట మాత్రం కాలిపోబోతోంది.

బస్సు దిగి నడక మొదలుపెట్టాం. మైలు దూరం పోయామో లేదో, పొలాల మీద పొగ కనిపించింది. నర్సారెడ్డి పరుగెత్తాడు. వాడి వెనక లింబాద్రి. ముప్పై అయిదేళ్ళ నేను, చెప్పులు చేతిలో పట్టుకుని, వాళ్ళ వెనక.

లచ్చవ్వ

గట్టు పక్కన ఆరు సాళ్ళు కోసి కుప్పవేసి ఉన్నాయి. కుప్ప కాలుతోంది. నలుగురు కూలీలు కొడవళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డారు. ఏడో సాలు మొదట్లో ఒక ముసలమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, కాళ్ళు బారచాపి మట్టిలో కూర్చుంది. ఆమె ముందు పోశెట్టి నిలబడి బతిమాలుతున్నాడు.

‘‘లేవే అవ్వ. పక్కోళ్ళ తోటలకు అంటుకుంటదంటున్నరు. రేపు వాళ్ళు నన్ను తిట్టరా?’’

‘‘లేవ. నన్ను గుడ గా మంటలనే ఎయ్యి.’’

‘‘కాలేజి సదివినోళ్ళు రాసిచ్చిండ్రే!’’

‘‘రాసిండ్రు. గా పోరగాండ్లు మూడు వారాలు గీ తోటల చెరుకు నమిలిండ్రు గద? నమిలి నమిలి గట్టంత పిప్పి జేసిండ్రు. కుళ్ళిన చెరుకు గంత తియ్యగుంటదా? ఒక్కడన్న ఉమ్మిండా? నేను గుడ పొద్దుగాల నమిలి సూసిన. తేనె తీరున్నది. కుళ్ళు ఏడున్నదో సూపియ్యిమను, అప్పుడు లేస్త.’’

నేను ఆ గట్టు మీద నిలబడి ఆ మాట విన్నాను. నా పక్కన ఇద్దరు బీఎస్సీ పిల్లలు. మూడు వారాలు ఆ రసం తాగారు. ఎర్రకుళ్ళు తగిలిన గడ రసం తియ్యదనం చచ్చి పులిసిపోతుందని నేనే క్లాసులో చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. ఆ తీపి నలుగురి నోట్లోనూ ఉంది. రిపోర్టులో మాత్రం ఒక్క ముక్క లేదు. తిన్నది తిండి అనుకున్నారు, రాసింది చదువు అనుకున్నారు.

‘‘పోశెట్టన్నా, ఆపు’’ అన్నాను. ‘‘అవ్వ చెప్పింది నిజమేమో. మాకొక గంట టైమియ్యి.’’

పోశెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. సగం గడ్డం, చేతిలో చెప్పులు. ‘‘నువ్వెవరు?’’

‘‘ఈ పిల్లల పంతుల్ని.’’

కూలీలకు చెప్పి మంట చుట్టూ మట్టి పోయించాడు. నర్సారెడ్డిని, లింబాద్రిని పిలిచి, ఈసారి గట్టు పక్కనే కాదు, తోటంతా తిరగాలని, పది సాళ్ళకొకటి చొప్పున నేను చూపించిన గడలే కోయాలని చెప్పాను. నర్సారెడ్డి కోశాడు, లింబాద్రి చీల్చాడు. లచ్చవ్వ లేచి వచ్చి వెనకే నడిచింది, నమ్మకం లేనట్టు. గట్టు పక్క గడల్లో పురుగు బెజ్జాలున్నాయి, ఎరుపు ఉంది. లోపలికి పోయినకొద్దీ బెజ్జాలు తగ్గాయి. నడిమధ్య గడలు తెల్లగా, పాలలా ఉన్నాయి. ఇరవై గడలు చీల్చాం. ఒక్కదానిలో అడ్డ మచ్చ లేదు. ఒక్కటీ పుల్లటి వాసన వేయలేదు.

ఇరవయ్యో గడ చీల్చాక లింబాద్రి నా ముఖం చూశాడు. నేను సాలు మధ్యనే కూలబడ్డాను. అట్లాంటి హాయి నా పెళ్ళినాడు కూడా అనుభవించలేదు. ఆ తోటంతా నిలబడే ఉంది. ఆరు సాళ్ళు తప్ప.

లచ్చవ్వ ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. ‘‘నములు బిడ్డ. ముఖమంత గుంజుకపోయింది.’’

అప్పటికి పక్క రైతులు కూడా పోగయ్యారు. తప్పు మాదని చెప్పడానికి నేను లేచాను. నా సంతకం ఉంది, నేనే చెప్పాలి. గొంతు సవరించుకునేలోపే నర్సారెడ్డి ముందుకొచ్చాడు. క్లాసులో అంత ధాటిగా మాట్లాడేవాడు అక్కడ తడబడ్డాడు.

‘‘పోశెట్టన్నా, నేనే గలత్ చెప్పిన. ఇది పురుగు. ఎర్రకుళ్ళు గాదు. వీడు ముందే చెప్పిండు’’ అని లింబాద్రిని చూపించాడు. ‘‘నేనే ఇనలే.’’

పోశెట్టి బూడిదవుతున్న కుప్ప వైపు చూశాడు.

‘‘సదువుకున్నోళ్ళని నమ్మిన. మా అవ్వను నమ్మలే’’ అన్నాడు. ‘‘మరి గా ఆరు సాళ్ళ సంగతేంది?’’

కాలినవాటిని తిరిగి ఇవ్వలేమనే చెప్పాను. ఆ తర్వాత వరుసగా మూడు ఆదివారాలు ఆ నలుగురూ పోయి, పురుగు పట్టిన గడలను ఏరి తోట బయటికి మోశారు. ఖాదర్ చేతులకు చెరుకాకు కోసుకుని గీతలు పడ్డాయి. సోమవారం ల్యాబులో పెన్సిల్ పట్టుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పోశెట్టి మొదటి వారం వాళ్ళతో మాట్లాడలేదు. రెండో వారం మంచినీళ్ళు పంపించాడు. మూడో వారం కూడా గడలు విరిచి ఇవ్వలేదు. పిల్లలు అడగలేదు.

ప్రిన్సిపాల్ సాబ్ గదిలో

తోట సంగతి తేలిన మరునాడే, సోమవారం, ప్రిన్సిపాల్ గదికి పోయి జరిగిందంతా చెప్పాను. దాచుదామనీ అనిపించింది. కానీ బోధన్ దిక్కు పిల్లలు క్లాసులో సగం మంది, ఈ నోట ఆ నోట తెలియక మానదు. పైగా నిన్నటి హాయి ఇంకా ఒంట్లో ఉంది. తిట్లు తినడానికి అంతకన్నా మంచి రోజు దొరకదనిపించింది.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి విన్నారు. గుంపులు బంద్ చేయమంటారని సిద్ధపడే ఉన్నాను.

‘‘ఆ నాలుగో పిల్లగాడు మీ ఇంటికి ఎట్లొచ్చిండు?’’ అని అడిగారు.

‘‘సైకిల్ మీద సార్.’’

‘‘అది గాదు. భయపడలేదా?’’

‘‘భయపడుకుంటనే వచ్చిండు సార్. లోపలికి రమ్మంటే రాలే.’’

ఆయన కిటికీలోంచి బయట మైదానం వైపు చూస్తూ మెల్లగా అన్నారు: ‘‘ముప్పై ఏండ్ల సంది చదువు చెప్తున్న, గంగాధర్ సాబ్. ఎన్ని గలతులు చెప్పిననో ఖుదాకే ఎరుక. మీరు చెప్పింది తప్పు సార్ అని చెప్పనీకి ఒక్క పిల్లగాడు నా ఇంటికి రాలే.’’

కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ మామూలు గొంతుతో, ‘‘నడిపియ్యండి. కని మార్కులెట్లేస్తరో ఈ వారంల రాసి తెండి’’ అన్నారు.

గది బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. నవ్వొచ్చింది. అటెండరు వింతగా చూస్తూ పోయాడు.

ఆ వారం ఏం రాయాలో తోచక క్లాసునే అడిగాను. జరిగినదంతా ఆ నలుగురి చేత చెప్పించి, ఇప్పుడేం మారుద్దాం అన్నాను. పనికొచ్చిన మాటలు పిల్లలవే. చూసింది ముందు ఎవరికి వాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు, ఒక కాగితం మీద రాయాలి, అప్పటిదాకా మాట్లాడుకోకూడదు అన్నది ఖాదర్. దానికే సగం మార్కులు. ఆ తర్వాతే నలుగురూ కూర్చోవాలి, నోరు లేనివాడు ముందు చదవాలి. లీడర్ వారానికొకడు మారాలని విఠల్ అన్నాడు. తన వంతు ఎట్లాగూ వస్తుందని తెలిస్తే అందరికీ తలూపడం కుదరదు కదా! రిపోర్టు చివర ఒప్పుకోనివాడి మాట ఒక పేజీ ఉండాలన్నాడు నర్సారెడ్డి. ఒప్పుకోనివాడు లేకపోతే లేడని రాయాలి, ఆ పేజీ ఖాళీగా వదిలితే రిపోర్టు తీసుకోవద్దు. లింబాద్రి ఏమీ అనలేదు. వాడప్పటికీ అట్లాంటివాడే. ఒక్క రోజులో మనుషులు మారిపోతారని కథల్లో రాసుకోవాలి.

నేను నాకోసం చేర్చుకున్నది ఒక్కటే. ముక్క చేతిలో పట్టుకోకుండా సంతకం పెట్టకూడదు.

ఈ పద్ధతితో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. పనిదొంగలు పనిదొంగలుగానే ఉన్నారు, పక్కవాడి కాగితం చూసి రాసినవాళ్ళున్నారు. ఒక ఏడు ఒక గుంపు నాలుగో వారానికే విడిపోయింది. వాళ్ళను కలపడానికి నేను చేసిన ప్రయత్నమంతా దండగయింది. కొందరు ఒంటరిగానే బాగా పనిచేస్తారు, వాళ్ళను బలవంతాన నలుగురిలో కుక్కడం తప్పు. అది తెలుసుకోవడానికి నాకు డెబ్బైల దశకం దాకా పట్టింది. కానీ చూసిన మాటను చూసినట్టు పదిమందిలో చెప్పడం, ఎదుటివాడు చెబితే వినడం, ఈ రెండూ నోట్సు చెప్పి నేర్పలేం. ఎన్నో ఏళ్ళు రకరకాలుగా చేసి చూశాకే ఈ మాట అంటున్నాను.

పసుపాకులు

పోశెట్టి తోట ఆ చలికాలంలో కోతకొచ్చింది. విత్తనానికి అడిగిన ఇద్దరు రైతుల్లో ఒకడు తీసుకున్నాడు, ఒకడు అనుమానంతో వెనక్కి తగ్గాడు. ఆ సంగతి నర్సారెడ్డి చెబితే విన్నాను. నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను?

తర్వాతి వానాకాలం, పిల్లలు ఆఖరి సంవత్సరానికొచ్చారు. ఒక రోజు మధ్యాహ్నం ల్యాబు నడుస్తుండగా అటెండరు వచ్చి, ‘‘సార్, ఎవరో ఊరాయన వచ్చిండు. మిమ్ములనే అడుగుతున్నడు’’ అన్నాడు.

పోశెట్టి. తలుపు దగ్గర చెప్పులు విడిచి, నీళ్ళోడుతున్న గొంగడి వరండాలో పెట్టి నిలబడ్డాడు. చేతిలో తువ్వాల మూట. ఆరు సాళ్ళ లెక్క అడగడానికొచ్చాడేమో అనుకున్నాను.

‘‘దా అన్నా, లోపలికి దా’’ అన్నాను.

వచ్చి తువ్వాల బల్ల మీద పెట్టి విప్పాడు. పసుపాకులు. పచ్చటి ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు.

‘‘గీ ఏడు పసుపు ఏసిన సారు. ఆకుల మీద గిట్ల పడ్తున్నది. మొన్న సంది ఎక్కువైంది. ఏందో సూడుండ్రి.’’

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ‘‘మా తానకు వచ్చినవా?’’

‘‘మరి ఎవల తానకు వోవాలె? గా పోరగాండ్లు ఉన్నరా? నలుగురున్నరా?’’

ఉన్నారని చెప్పాను. పిలిచేలోపే వచ్చేశారు, బల్ల చుట్టూ చేరారు. నర్సారెడ్డి ఒక ఆకు అందుకుని నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు. మిగతా ముగ్గురూ తీశారు. ఎవరి ఆకు వాళ్ళు వెలుతురుకు పెట్టి తిప్పుతూ రాసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎందుకు మాట్లాడటం లేదో పోశెట్టికి తెలియలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు.

కాసేపటికి లింబాద్రి తల ఎత్తాడు. ‘‘అన్నా, మచ్చ ముందుగాల కింది ఆకుకు వడ్డదా, మీది ఆకుకా?’’

పోశెట్టి ముందుకు జరిగి చేతులు తిప్పుతూ చెప్పసాగాడు. నలుగురూ వింటున్నారు.

అక్కడ నాతో పనేమీ కనిపించలేదు. వరండాలోకి వచ్చి వాన చూస్తూ నిలబడ్డాను.